గుర్రుమనని కుక్క

పశువుల ఆసుపత్రి బల్ల మీద పడుకున్న ల్యాబ్రడార్ కుక్క, తన యజమాని నడుము వంకే చూస్తోంది. దాన్ని చంపే ఇంజెక్షన్ వేయించడానికి తెచ్చాడాయన.

“పిల్లలున్న ఇంటికి ఇదే మంచి జాతన్నారు డాక్టరుగారూ. నిన్న మా పాప చెంప కొరికేసింది.”

“కరిచే ముందు గుర్రుమని ఉంటుందే?”

“అబ్బే, చప్పుడే లేదు. చిన్నప్పుడు గుర్రుమనేది. అన్నప్పుడల్లా బెల్టు తీసి మాన్పించాను.”

“దగ్గరికి రావద్దని చెప్పడమండీ అది. ఏ జాతైనా అంతే. దాని నోరు మీరే నొక్కేశారు.”

“నా ఇంట్లో నా మీదే గుర్రుమంటే ఊరుకోమంటారా?”

“పాప ఎలా ఉంది?”

“బంగారం. చెంపకు కుట్లు వేస్తున్నా కిక్కురుమనలేదు. ఒక్కసారి నా వైపు చూసి నోరు మూసుకుంది.”