ఎర్రసిరాతో కొట్టేసిన మాట

నన్నలా చూడకమ్మా. తప్పంతా నాదేనా? నీకు పదో తరగతి దాకా ఇంగ్లీషు చెప్పింది నేను. ఇవాళ నువ్వూ నాలాగే ఒక బడికి ప్రిన్సిపాల్‌వి. మరి ఆ బస్సు డ్రైవరు మా బడి వదిలి నీ దగ్గరికి వచ్చినప్పుడు, నేను రాసిచ్చిన సిఫారసు ఉత్తరం చదివి నీకేమీ అనిపించలేదా?

బస్సులో ఉన్న ఆయాకి మళ్ళీ ఫోన్ కొట్టు. ఎత్తట్లేదా? పిల్లల గోలలో వినబడదులే. చివరి స్టాపుకి నాలుగున్నరకి చేరాలి, ఇప్పుడు ఐదుకి పది నిమిషాలుంది. ఇరవై నిమిషాలు ఒక ఆలస్యమా?

ఏదీ, ఆ ఫైలు ఇలా తే. ఇదిగో, నా ఉత్తరంలో మూడో వాక్యం. 'హి ఈజ్ ఎ నైస్ మ్యాన్.' నీ కాంపోజిషన్ పుస్తకంలో ఈ నైస్‌ని ఎన్నిసార్లు ఎర్రసిరాతో కొట్టేశానో గుర్తుందా? నైస్ డే, నైస్ టీచర్, నైస్ ఆవు. ఆవు నైసేమిటే అని నేనంటే క్లాసంతా నవ్వింది, నువ్వు ఏడ్చావు. చెప్పడానికేమీ లేనివాళ్ళు వాడే మాట అది అని మొత్తుకునేదాన్ని.

దాని పుట్టుక కూడా బోర్డు మీద రాశాగా. లాటిన్‌లో మొదలు. అక్కడ 'తెలియనివాడు' అని అర్థం. ఫ్రెంచివాళ్ళ నోట్లో పడి 'తెలివితక్కువవాడు' అయింది. ఇంగ్లీషులోకి వచ్చాక కొన్నాళ్ళు తిట్టు, కొన్నాళ్ళు చాదస్తం, ఆ తర్వాత సున్నితం, కచ్చితం. నాలుగైదు వందల ఏళ్ళు తిరిగి తిరిగి చివరికి 'మంచి' దగ్గర చతికిలబడింది.

'అయితే మేడం, నైస్ మనిషంటే అసలు ఏమీ తెలియని మనిషా?' అని నువ్వే అడిగావు. మెచ్చుకుని నా పెన్ను నీకిచ్చేశాను కూడా.

అందుకే ఆ మాట రాశాను. కావాలనే. ముప్పై ఏళ్ళు కొట్టేసిన మాట నా చేత్తో నేనే రాస్తే, ఈవిడేంటి ఇలా రాసింది అని నువ్వొక్క ఫోన్ చేస్తావనుకున్నా. చేస్తే చెప్పేద్దామనుకున్నా. చేయలేదేం? వయసు మీద పడి మెత్తబడిందిలే అనుకున్నావా?

అనుకున్నావన్నమాట.

ఏం చెప్పాలనా? చెబుతా. ముందు ఆయాకి ఇంకోసారి కొట్టు.

మూడు నెలల క్రితం ఆటల పోటీల నుంచి పిల్లల్ని తీసుకొస్తున్నాం. నేను ముందు సీట్లో ఉన్నా. సిగ్నల్ పచ్చగా మారింది, బస్సు కదల్లేదు. వెనక ఒకటే హారన్లు. తిరిగి చూస్తే అతని చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం లేడు. పన్నెండు దాకా లెక్కపెట్టాను. అప్పుడు తల విదిలించి, 'ఏంటి మేడం, అలా చూస్తున్నారు?' అన్నాడు. జరిగింది అతనికే తెలియదు.

నిలదీస్తే కాళ్ళ మీద పడ్డాడు. లైసెన్సు పోతుందన్నాడు, చిన్నపిల్లలున్నారన్నాడు. నీ బడిలో ఖాళీ ఉందట, ఒక్క ఉత్తరం రాసివ్వమన్నాడు. లైసెన్సు ఆఫీసుకి రాయాల్సిన చేత్తో నీకు రాశాను. జాలిపడ్డానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నా. జాలీ లేదు, పాడూ లేదు. నా గేటు దాటిపోతే చాలనుకున్నా.

ఇవాళ మధ్యాహ్నం అతని భార్య నాకు ఫోన్ చేసింది. ఈ వారంలోనే మూడుసార్లట. నీళ్ళ గ్లాసు నోటిదాకా తెచ్చి అలాగే ఆగిపోయాడట, నీళ్ళన్నీ ఒళ్ళో పోసుకున్నాడట. నీకు ఫోన్ చేయబోయి పెట్టేశా. ఇలాంటిది మొహం చూసి చెప్పాలి కదా అని ఆటో ఎక్కా.

నేను నీ బడి గేటు దగ్గర దిగేసరికి బస్సు బయటికొస్తోంది. అతను నన్ను చూసి, వేగం తగ్గించి, నవ్వుతూ దణ్ణం పెట్టాడు. కిటికీల నిండా పిల్లలు. అడ్డం నిలబడితే ఆగేవాడు.

నేను చెయ్యి ఊపాను.

ఆ తర్వాత ఇక్కడికొచ్చి నీ టీ తాగాను, పాత కబుర్లు చెప్పాను. గంటసేపు.

మోగుతోంది. ఆయా కాదా? తెలియని నంబరా?

ఎత్తమ్మా. అతనికి ఈ జబ్బుందని ఎవరికైనా ముందే తెలుసా అని అడుగుతారు. నీకు తెలియదు.

నాకు తెలుసు.