నూటికి డెబ్బై బురద

తీసెయ్ బాబాయ్, తీసెయ్. నాలుగూ తీసెయ్. నాకీ టైర్లు వద్దు.

అలా చూస్తావేంటి? నిజంగానే చెప్తున్నా. నువ్వు జాకీ పెట్టు చాలు, నట్లు నేనే విప్పుకుంటా. నా పాతవి మళ్ళీ తగిలించావంటే నా దారిన నేను పోతా.

తప్పు నీదని అన్నానా ఇప్పుడు? నువ్వు ఆరోజే చెప్పావు. మూడు రకాలూ వరసగా నిలబెట్టి మరీ చెప్పావు. ఇది రోడ్డుకి, ఇది బురదకి, ఇది రెంటికీ పనికొచ్చే మధ్యరకం, నీకిది చాలురా అన్నావు. వింటేగా! నా కళ్ళు ఆ బురద టైరుకే అతుక్కుపోయాయి. అబ్బ, ఎంతుందది! అరచెయ్యంత గుబ్బలు. ఏనుగు పాదంలా ఉందనుకున్నా. అంతే, కళ్ళముందు ఓ బొమ్మ కదిలింది. జీపు కొండెక్కుతోంది, పక్క సీట్లో ఆవిడ, గాలికి ముంగురులు ఎగురుతూ...

ఏ ఆవిడా? ఏం తెలీనట్టు అడుగుతావేం బాబాయ్. నర్సు గారు. కొండమీది పల్లెల్లో పిల్లలకి టీకాలు వెయ్యడానికి వెళ్తుంది చూడు, ఆవిడ. పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర రెండు జీపులుంటాయి, నాదీ, ఆ నీలం జీపు వాడిదీ. ఏది ఎక్కాలో ఆవిడిష్టం. ఏడాదిగా నాదే ఎక్కేది. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకునేది. నన్ను 'డ్రైవర్ గారూ' అంటుంది తెలుసా? నన్ను! మా అమ్మే నన్ను 'ఒరేయ్ దున్నపోతా' అని పిలుస్తుంది.

నవ్వకు.

పాత టైర్లతో ఆ చివరి మూడు కిలోమీటర్లూ ఎలా ఉండేదో నీకేం తెలుసు? నాలుగు చినుకులు పడితే చాలు, చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగేది. ఆవిడ చెప్పులు విప్పి దిగిపోయేది. రాళ్ళేరి చక్రం కింద పెట్టేది. ఒకసారి చూసుకోకుండా నేను గట్టిగా తొక్కితే బురదంతా ఎగిరి ఆవిడ మొహాన పడింది. చచ్చాన్రా దేవుడా అనుకున్నా. ఆవిడేమో కళ్ళు తుడుచుకుని, "డ్రైవర్ గారూ, ఒక కోటింగు చాలా, ఇంకోటి వేస్తారా?" అంది.

ఆ నవ్వు వారం రోజులు నా చెవుల్లోనే ఉంది బాబాయ్.

మరి మార్చడం దేనికంటావా? ఓరోజు గంటసేపు ఇరుక్కుపోయాం. ఆవిడ కొండమీదికి చూస్తూ, "పాపం, పిల్లల్నెత్తుకుని తల్లులు ఎండలో నిలబడి ఉంటారు. ఇక్కడ ఆగకుండా పోగలిగితే ఎంత బాగుణ్ణో" అంది. తనలో తనే అనుకుంది. నేనేమో నాకే చెప్పిందనుకున్నా. ఆ సాయంత్రమే నీ షాపుకొచ్చి పడ్డా.

తర్వాత ఏమైందో చెప్పమంటావా?

మొదటిరోజే ఆవిడ జీపు ఎక్కలేకపోయింది. అంత ఎత్తు! చేతుల్లో పెట్టె. చెయ్యందిద్దామంటే నాకు భయం, అందించకపోతే పాపం. మర్నాడు ఇంట్లోంచి పీట పట్టుకెళ్ళా. మా అమ్మ, "పీట కూడా టైర్లకేనా, ఇంక నన్నెప్పుడు బిగిస్తావురా?" అని ఒకటే గోల.

తారురోడ్డు ఎక్కితే చెవులు పని చెయ్యవు. ఊఁ... అని ఒకటే రొద, కందిరీగల గూడు కదిపినట్టు. ఇదివరకు ఆ ఇరవై రెండు కిలోమీటర్లూ ఎన్ని కబుర్లు చెప్పేదని! చెల్లెలి పరీక్షలు, హాస్టల్లో పిల్లి, అన్నీ. ఇప్పుడు తను "ఆఁ?" అంటుంది, నేను "ఆఁ?" అంటాను. నాలుగు రోజులు చూసింది, "ఏం లేదులెండి" అని కిటికీ వైపు తిరిగింది.

బురద మాటా? ఆ, దాటేసింది. నీ టైరుకి పేరు పెట్టడానికి లేదు. గంట పట్టే దారి పది నిమిషాల్లో అయిపోయింది. అక్కడే నా కొంప మునిగింది. ఇరుక్కోవడమే నా అదృష్టమని ఇరుక్కోవడం మానేశాక గానీ తెలీలేదు.

పోనీ అదీ భరించాను. మొన్న మంగళవారం వాన వెలిసింది, రోడ్డు తడిగా ఉంది. సైకిలు మీద ఓ పెద్దాయన అడ్డం వచ్చాడు. బ్రేకు తొక్కితే ఆగదే! సబ్బు మీద కాలేసినట్టు జారింది. ఆయనకేం కాలేదు. ఆవిడ నుదురు ముందు కమ్మీకి కొట్టుకుంది. పెట్టెలో పద్నాలుగు సీసాలు పగిలాయి.

నుదుటి మీద రుమాలు అదిమిపెట్టుకుని, రెండో చేత్తో గాజు పెంకులు ఏరింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు నా దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి డ్రైవర్ గారూ. నాకు దెబ్బ తగిలితే తగిలింది. ఈ పెట్టెకి ఏమైనా అయితే మాత్రం ఊరుకోలేను" అంది. వెళ్ళి నీలం జీపెక్కింది. నా పీట అక్కడే ఉండిపోయింది, గేటు దగ్గర.

అందుకే పాతవి వేసెయ్ అంటున్నా. రేపు పొద్దున్నే చూపిస్తా, మళ్ళీ ఎప్పట్లాగే ఉంది ఎక్కండీ అని...

ఏంటి నసుగుతున్నావ్?

ఎవరికిచ్చావ్?

నీలం జీపుకా!

అవునులే. నేనే కదా వద్దని పారేసి పోయింది. నిన్నేమంటాను.

ఆగాగు. నీళ్ళ తొట్టి పక్కన ఆ టైరేంటి? పక్కన కోత ఉంది చూడు, నెలవంకలా. అది నాదే! మలుపు దగ్గర రాయి కోసేసింది. నేను స్టెప్నీ మారుస్తుంటే ఆవిడ గొడుగు నా నెత్తిమీద పట్టి, తను తడిసిపోయింది. వాడు పంచరుకి ఇచ్చి వెళ్ళాడా?

వద్దు బాబాయ్, మధ్యరకం ఇప్పుడు వేసినా ఏం లాభం? టైరు మారుస్తావు. ఆవిడకి నా మీద పోయిన నమ్మకం ఏ సైజులో దొరుకుతుంది?

ఒక్క మాట చెప్తా, తిట్టకు. ఆరోజు నువ్వడిగావు గుర్తుందా, నూరు కిలోమీటర్లు తిరిగితే అందులో బురదెంతరా, నిజం చెప్పు అని? డెబ్బై అన్నాను. అబద్ధం. పోనూ రానూ యాభై, అందులో బురద ఆరే. నూటికి పన్నెండు. చదువు అబ్బకపోయినా ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు. కానీ నువ్వడిగినప్పుడు నాకు తారురోడ్డు ఒక్క అడుగు కూడా గుర్తు రాలేదు. నేను బతికిందంతా ఆ మూడు కిలోమీటర్లలోనే అనిపించింది.

సరే, జాకీ తీసెయ్. ఉండనీ ఇవే.

ఆ ట్యూబు ఇలా ఇవ్వు, ప్యాచీ నేనేస్తా. నువ్వు తొందర తొందరగా రుద్దుతావు, ఊడిపోతుంది. రేపు పొద్దున ఆవిడ పెట్టె దీనిమీదే పోవాలి.