వెనక టైరు

పొద్దున్నే ఆమె సైకిల్ తోసుకుంటూ షాపుకొచ్చింది. మెకానిక్ వెనక చక్రం తిప్పి చూసి మొహం చిట్లించాడు.

"మొన్నే కదమ్మా కొత్త టైరు వేశాను, అప్పుడే నున్నగా అయిపోయింది. రోజూ ఎవర్ని ఎక్కించుకుంటున్నావు?"

"ఎవర్నీ లేదు బాబాయ్. ఆస్పత్రి డ్యూటీకి ఒక్కదాన్నే వెళ్తాను."

"వెనక టైరు ముందుగా అరగడం మామూలే. కానీ ఇది ఇద్దరి బరువు మోసిన టైరు."

ఆమె గొంతు తగ్గించింది. "నవ్వనంటే చెప్తాను. పెద్ద సిగ్నల్ దగ్గర లారీ పక్క సందులోంచి దూరిపోదామనుకుంటానా, వెనకనుంచి ఎవరో నా డ్రెస్సు పట్టి లాగుతారు. ఆగిపోతాను. మరుక్షణం లారీ నా వైపే తిరుగుతుంది."

"ఎన్నిసార్లు?"

"నిన్నటితో నాలుగు."

అతను చక్రం తిరక్కుండా చేత్తో ఆపేశాడు.

"లాగే చెయ్యి పెద్దదా, చిన్నదా?"

"చిన్నదే. అందుకే భయమేస్తోంది బాబాయ్. ఈ వెనక క్యారియర్ పీకేయ్, పీడా పోతుంది."

అతను పానా అందుకుని బోల్టు దాకా తీసుకెళ్ళి, మళ్ళీ కింద పెట్టేశాడు.

"నీకు అమ్మకముందు ఈ సైకిల్ నేనే తొక్కేవాణ్ణి తల్లీ. ఆ సిగ్నల్ దగ్గర ఒకసారి నేనూ అలాగే దూరాను, మా పాపని వెనక కూర్చోబెట్టుకుని. ఇప్పుడిది పీకేస్తే, అదెక్కడ కూర్చుంటుంది?"