పాత కంప్యూటరులోకి వెళ్లొచ్చిన బాబాయి

ముసురు పట్టిన సాయంత్రం. టీ కొట్టు రేకుల మీద వాన పడుతోందో లేదో తెలియనంత మెల్లగా పడుతోంది. కంప్యూటర్లు బాగుచేసే బాబాయి బెంచీ మీద కూర్చుని వేడి గ్లాసు ఊదుకుంటున్నాడు. ఆయన ఒళ్లో చిన్న గుడ్డసంచి. ఈ వీధికి కొత్తగా వచ్చిన కుట్టుమిషను అమ్మాయి ఎదుటి స్టూలు మీద కూర్చుంది. ఆమె ప్రాణమంతా ఆ సంచిలోనే ఉంది.

సంచిలో ఉన్నది లోపల చాలా పట్టే హార్డ్ డిస్క్. చనిపోయిన వాళ్ల నాన్న టేపుల్లో దాచుకున్నవన్నీ ఆమె అన్నయ్య అందులోకి ఎక్కించి పంపాడు. టేపులు ఆ తర్వాత బూజు పట్టి పాడైపోయాయి. ఇంట్లో ఉన్నదేమో నాన్న వాడిన పాత కంప్యూటరు, అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఆ కాలందే. డిస్క్ తగిలిస్తే అది, "ఇదేమిటో నాకు తెలియడం లేదు, తుడిచేసి కొత్తగా సిద్ధం చేయమంటావా?" అని అడిగింది. ఆమె హడలిపోయి వైరు పీకేసింది. రెండూ తెచ్చి బాబాయికి అప్పగించింది.

"పనైందా బాబాయ్?"

"అయిందా అని మెల్లగా అడుగుతావేంటి తల్లీ!" బాబాయి గ్లాసు పక్కన పెట్టాడు. "మొదట చిన్న పనే అనుకున్నా. పాత సిస్టమ్ అంటే ముసలి గుమస్తా లాంటిది. దానికి వచ్చిన లెక్క ఎంతో అంతవరకే లెక్కపెడుతుంది, అంతకు మించిన డిస్క్ తెచ్చి ఎదురుగా పెడితే అసలు లేదంటుంది. తప్పు దానిది కాదు, నేర్పినవాడిది. అందుకని పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పా."

"కంప్యూటరుకి ఎక్కాలా!" అన్నాడు పక్కన టీ తాగుతున్న బస్సు డ్రైవరు.

"మరి? పంతొమ్మిదో ఎక్కం దగ్గర తడబడింది పాపం. నేను కసురుకోలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకొచ్చిన అంకెలన్నీ అయిపోయాయి, దానికి ఇంకా కావాలట! ఏం చెయ్యను, కిటికీ తెరిచి వాన చూపించా, ఆ చినుకులు లెక్కపెట్టుకోవే అన్నా. అది లెక్కపెడుతూ ఉంటే ఫ్యాను చప్పుడు కూడా వానలాగే మారిపోయింది. అప్పుడు తెర మీద తలుపు తెరుచుకుంది. బొమ్మ తలుపు కాదు, గడియా గొళ్లెం ఉన్న తలుపు. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టా. ఆ చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, కావాలంటే పోయి చూసుకోండి."

"నీ కాళ్లకే ఉన్నాయి కదయ్యా," అన్నాడు టీ కొట్టాయన.

"అవి వేరే జత! మధ్యలో అడ్డురాకు. లోపల ఎటు చూసినా తెల్లటి మైదానం, మబ్బు దిగొచ్చి నేలమీద పడుకున్నట్టు. అడుగేస్తే చప్పుడు లేదు. ఆ ముసలి కంప్యూటరు చంటిపిల్లలా నా వేలు పట్టుకుని, 'ఇంత ఉందా, ఇంత ఉందా' అంటూ వెంట నడిచింది. నడిచీ నడిచీ నా గడ్డం నెరిసింది, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ నల్లబడిందనుకో."

అమ్మాయికి తానూ ఆ తెల్లటి మైదానంలో నడుస్తున్నట్టే అనిపించింది. అంతలో ఉలిక్కిపడింది.

"అది తుడవమంటావా అని అడిగింది కదా బాబాయ్, నువ్వేమన్నావు?"

"నేనా? అలాంటి ప్రశ్నలకి బెదిరేవాణ్ణా? కానివ్వవే అన్నా!"

ఆమె స్టూలు ముందుకు జరుపుకుంది. "అయితే నాన్నవి..."

"అక్కడికే వస్తున్నా. మైదానం చివర మీ నాన్న కూర్చుని పాడుతున్నాడు తల్లీ! ఏం గొంతమ్మా అది! పైన పోయే మబ్బులు పోవడం మానేశాయి. నన్ను చూసి పాట ఆపి, 'మా అమ్మాయి బాగుందా' అని అడిగాడు."

అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది.

"మా నాన్న పుట్టుమూగ, బాబాయ్. ఆయన టేపుల్లో పట్టినవి పిట్టల కూతలు."

వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. టీ తాగుతున్న డ్రైవరుకి పొలమారింది, అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. బాబాయి ఒళ్లోంచి సంచి తీసుకుని అంచుల వెంట మెల్లగా వేలు పోనిచ్చింది. తడి తగలకూడదని, బాబాయికి ఇచ్చే ముందే డిస్కును లోపల పెట్టి నాలుగువైపులా కుట్టేసిందామె. చివర వేసిన ముడి ఆమెదే, వెనక్కి తిప్పి దూర్చిన ముడి. ఇంకెవరి చేతికీ రాదు. అది అలాగే ఉంది.

"ఒక్క కుట్టయినా ఊడలేదు!" అంది. కళ్లు తుడుచుకుంటూ అప్పుడు నవ్వింది. "నువ్వసలు విప్పనే లేదు. చల్లగా ఉండు బాబాయ్!"

"మా బడి ఆఫీసులో కొత్త కంప్యూటరుంది," అంది పక్క బెంచీ మీది టీచరమ్మ. "దానికి తగిలిద్దాం రామ్మా. కొంచెం కొంచెంగా చిన్న డిస్కుల్లోకి దించుకుంటే మీ పాతది కూడా చదువుతుంది."

అమ్మాయి సంచిని గుండెకు హత్తుకుని లేచింది. "ఈయనకి ఇంకో టీ పొయ్యి మావయ్యా, చక్కెర బాగా వేసి," అంది టీ కొట్టాయనతో.

బాబాయి ఆ గ్లాసు అందుకుని ఊదుకున్నాడు.

"పిట్టలా?" అన్నాడు నిదానంగా. "అదన్నమాట. పాట మధ్యలో ఆ రెక్కల చప్పుడేంటా అని అక్కడే అనుకున్నా."