చిమ్నీ వైపు గోలు

"నేనేదో పెద్ద ఘనకార్యం చేశానని చెప్పను. బుధవారం మిల్లు గేటు దగ్గర బస్సు దిగాను, బంతి నా కాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది, తిప్పి కొట్టాను. అంతే" అన్నాడు కండక్టర్ బావ, చిల్లర సంచి ఒళ్లో సర్దుకుంటూ.

ఆయన "అంతే" అన్నాడంటే అసలు సంగతి ఇంకా మొదలే కాలేదని మా అందరికీ తెలుసు.

బేకరీ వెనక అరుగు మీద కూర్చున్నాం. పొయ్యి ఆర్పి గంటైనా గోడ ఇంకా వెచ్చగానే ఉంది. సాయంత్రం ఎండ ఖాళీ ట్రేల మీద పాకి పాకి, మధ్యలో ఉన్న మా పాత బంతి మీదికొచ్చి, ఇక కదలబుద్ధి కానట్టు అక్కడే ఆగిపోయింది.

ఎల్లుండి ఆదివారం మా వీధి మైదానంలో బట్టల మిల్లు టీంతో మాకు ఆట. కిందటేడు వాళ్లు మా మీద ఆరు గోల్సు కొట్టారు. ఆరూ మా కీపర్ చేతుల మధ్య నుంచే పోయాయి. అతను ఈ బేకరీలోనే పొయ్యి దగ్గర పనిచేస్తాడు, పొద్దున్నే లేచి పిండి జల్లిస్తాడు. దాంతో ఆ ఆట అయిన మర్నాటి నుంచి వీధి వీధంతా అతన్ని జల్లెడ అని పిలవడం మొదలెట్టింది. కండక్టర్ బావకి అతను స్వయానా బామ్మర్ది, పెళ్లాం తమ్ముడు. అతను బావా బావా అనబట్టే మాకందరికీ ఆయన బావ అయిపోయాడు.

ఈ ఏడు ఆడతానని జల్లెడ ఇంకా మాట ఇవ్వలేదు. "శుక్రవారం సాయంత్రం చెప్తా" అన్నాడు. ఆ శుక్రవారం ఇదే. అతను కాదంటే మా టీంకి ఇంకో కీపర్ లేడు. అసలు పదకొండో మనిషే లేడు, ఆట వదులుకోవాల్సిందే. అందుకని మా కెప్టెన్, బస్సు డిపోలో మెకానిక్, ఓ ఉపాయం ఆలోచించాడు. కండక్టర్ బావ బస్సు మిల్లు గేటు దాకా వెళ్లి తిరిగొస్తుంది. "ఓసారి దిగి వాళ్ల ప్రాక్టీసు చూసి రా బావా. వాళ్ల ఫార్వర్డ్‌లు ఎలా ఉన్నారో చూసొచ్చి, మనవాడి గుండె నిబ్బరపడేలా రెండు ముక్కలు చెప్పు" అన్నాడు.

కండక్టర్ బావని రెండు ముక్కలు చెప్పమనడం, దోసెడు నీళ్లు తెమ్మని వరదని పంపడం లాంటిది.

"ఎక్కడున్నాను? ఆ, తిప్పి కొట్టాను. కొడితే ఆ బంతిని వాళ్ల కుడివైపు వాడు అందుకున్నాడు. బామ్మర్దీ, నువ్వు కూడా విను, నీకోసమే చెప్తున్నా. సన్నగా, తాటాకులా ఉన్నాడు, వీడేం పరిగెడతాడులే అనుకున్నా. పరిగెత్తాడు. అబ్బ, ఏం పరుగది. ఆ పరుగుకి వాడి నీడ వెనకబడిపోయింది. నా కళ్లతో చూశాను. వాడు గోలు దగ్గరికి వెళ్లిపోయాడు, నీడేమో సగం గ్రౌండులో కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది."

"నీడకి ఆయాసమేంటి బావా?" అన్నాడు కెప్టెన్.

"నాకేం తెలుసు, నేను కండక్టర్ని, డాక్టర్ని కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎడమవైపు వాడికి బంతి అందింది. వీడు నేరుగా కొట్టడు, వంకర తిప్పి కొడతాడు. మిల్లు చిమ్నీ ఉంది చూశారా, గోలు వెనకాల, ఆకాశానికి నిచ్చెనేసినట్టుంటుంది. బంతి ఆ చిమ్నీ చుట్టూ ఓ చుట్టు చుట్టొచ్చి, మళ్లీ గ్రౌండులోకొచ్చి గోల్లో పడింది. నమ్మకపోతే మానండి గానీ, తీసి చూస్తే బంతికి మసి అంటుకుని ఉంది."

జల్లెడ చేతులకి గ్లోవ్స్ ఉన్నాయి. రబ్బరు అరిగినచోట వాళ్లక్క వేసిన మాసికలు. పొయ్యి ఆర్పినప్పటినుంచీ వేసుకునే ఉన్నాడు. చిమ్నీ మాట వినగానే ఎడమచేతి గ్లోవ్ చిటికెనవేలు మెల్లిగా లాగాడు.

కెప్టెన్ అది చూశాడు. దగ్గాడు. కండక్టర్ బావ వైపు కళ్లతో సైగ చేశాడు. ఆయన చూస్తేగా. "బావా, వాళ్లలో కాస్త నీరసంగా ఉన్నవాడెవడూ లేడా?" అన్నాడు కెప్టెన్.

"ఎందుకు లేడు, వాళ్ల కీపర్ ఉన్నాడుగా. పాపం, రోజూ ఆ ముగ్గురి బంతులూ పట్టీ పట్టీ, నేను చూసేసరికి నిలబడటానికి ఓపిక లేక గోలు కర్రకి తాడుతో కట్టించుకున్నాడు. అంతకు ముందున్న ముగ్గురు కీపర్లూ ఆస్పత్రిలో ఒకే గదిలో ఉన్నారట. చుట్టాలు వేరువేరుగా వెళ్లడం దండగని బస్సు మాట్లాడుకుని కలిసే వెళ్తున్నారు. నా బస్సే."

ఎడమ గ్లోవ్ పూర్తిగా ఊడొచ్చింది. జల్లెడ దాన్ని మడిచి పక్కన పెట్టాడు. "ముగ్గురి బంతులూ అన్నావు. మూడోవాడు?" అన్నాడు, తెలుసుకోవాలని ఉన్నట్టూ, వద్దన్నట్టూ.

"వస్తున్నా, వస్తున్నా. సెంటర్ ఫార్వర్డ్. మనిషి చూడ్డానికెంత? నా భుజం దాకా. కానీ ఆ కాలు చూడాలి. ఆ కాలికి బూటు తొడగడానికి ఇద్దరు, విప్పడానికి నలుగురు. వాడి బంతికి ముందుగా గాలి కొట్టరు, వాడు తన్నాక భయంతో అదే ఉబ్బుతుంది. మొదటి దెబ్బ కొట్టాడు. వల చిరిగింది, గోడకి చిల్లు పడింది, బంతి వెళ్లి మిల్లులో రంగు తొట్టిలో పడి నీలంగా తేలింది. ఆ రోజు గుడ్డంతా గుండ్రటి మచ్చలతోనే వచ్చింది. మేనేజర్ తల పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొత్త డిజైను అనుకుని జనం ఎగబడి కొన్నారు."

"పోనీలే, వాళ్లకి లాభమే" అన్నాడు ప్లంబరు బాబాయ్. పైపులు వేసే పెద్దమనిషి, రోజూ పని దిగాక ఇక్కడికొచ్చి మిగిలిన రొట్టె అంచులు టీలో ముంచుకుని తింటాడు. ఆటల గురించి ఆయన మాట్లాడగా మేం ఎప్పుడూ వినలేదు.

"రెండో దెబ్బ నిటారుగా పైకి కొట్టాడు బాబాయ్. అది ఇంకా దిగలేదు."

"బుధవారం కొట్టింది?"

"బుధవారం కొట్టింది. చీకటి పడ్డాక చూడు, చందమామకి కుడిపక్కన ఉంటుంది."

మేమంతా ఆకాశం వైపు చూశాం. చూడకుండా ఉండాల్సింది. అప్పుడే పుట్టినట్టు ఒక్కటంటే ఒక్క చుక్క మెరుస్తోంది, మెత్తగా, గుండ్రంగా. అది బంతి కాదనడానికి మాలో ఎవరి దగ్గరా ఆధారం లేదు.

జల్లెడ కుడిచేతి గ్లోవ్ కూడా తీసి, రెంటినీ జత చేసి, కెప్టెన్ ఒళ్లో పెట్టాడు. కెప్టెన్ మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

కండక్టర్ బావ ఇదేదీ గమనించలేదు. ఆయన కథలో ఇప్పుడే ఆయన ప్రవేశం.

"అదే సమయానికి వాళ్ల కీపర్ తాడు తెంపుకుని కాలికి బుద్ధి చెప్పాడు. గోలు ఖాళీ. అందరూ నా వైపు తిరిగారు. అన్నా, ఇందాక బంతి ఆపావు కదా, కాసేపు నిలబడవా అన్నారు. నేను వద్దన్నా, డ్యూటీలో ఉన్నానన్నా, మెడలో చిల్లర సంచి ఉందన్నా. వింటేగా. సరే కదా అని చిమ్నీ వైపు గోల్లో నిలబడ్డాను. సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి నడిచాడు, నడిచాడు, గేటు దాటి టీ కొట్టు దాకా వెళ్లాడు, ఓ టీ తాగాడు, అక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చాడు. కొట్టాడు. బంతి వచ్చి ఇదిగో, ఇక్కడ, పొట్టలో తగిలింది. పట్టేశాను, రెండు చేతుల్తో వాటేసుకున్నాను. కానీ బంతి ఆగితేగా? నన్ను తీసుకునే లేచింది. గోలు బారు మీంచి, చిమ్నీ మీంచి, రోడ్డు మీంచి పోతున్నా. కింద స్టాపులు కనబడుతున్నాయి. అలవాటైన ప్రాణం కదా, ఒక్కో స్టాపు రాగానే ఈల వేశాను. మూడు స్టాపులు. మూడో స్టాపులో నా బస్సే కదులుతోంది. తలుపులోంచి దూరి నా సీట్లో పడ్డాను. ఇన్నేళ్ల సర్వీసులో నా బస్సు టైముకి చేరింది ఆ రోజొక్కటే. బంతి మటుకు వదల్లేదు."

"గోలయినట్టా, కానట్టా?" అన్నాడు కెప్టెన్ నీరసంగా, ఒళ్లో గ్లోవ్స్ చూసుకుంటూ.

"బారు మీంచి పోయాం కదయ్యా. కాదు. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ బంతిని ఆపినవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే."

"నేను మటుకు ఆపలేను బావా" అన్నాడు జల్లెడ నెమ్మదిగా. "ఎల్లుండి నన్ను చూడొద్దు."

కండక్టర్ బావ అతని ఒట్టి చేతుల వైపు తిరిగాడు. గ్లోవ్స్ ఎక్కడికెళ్లాయో ఆయన అప్పుడే చూశాడు.

ప్లంబరు బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు నిలబడ్డది ఏ గోల్లో అన్నావు కండక్టరూ?"

"చిమ్నీ వైపు."

"బుధవారం?"

"చెప్పాగా బాబాయ్, బుధవారమే."

"చిమ్నీ వైపు గోలు కర్రలు సోమవారం పొద్దున్నే నేనే పీకించి గోడకి చేరేశాను. గ్రౌండు అడ్డంగా తవ్వేశాం, మనిషి లోతు గొయ్యి, మిల్లుకి కొత్త నీళ్ల పైపు. సోమవారం నుంచి అక్కడ బంతి పెట్టడానికి కూడా చోటు లేదు, ఇక తన్నేదెక్కడ?"

కండక్టర్ బావ ఊరికే ఓడిపోయే మనిషి కాదు. "మరి ఆ గొయ్యి ఎలా పడిందనుకున్నావు బాబాయ్? వాడు కాలు ఆన్చిన చోటే కదా."

"నేను తవ్వితే పడింది. ఇదిగో బొబ్బలు." బాబాయ్ అరచేతులు చూపించాడు. "మగ్గాలు బాగుచేస్తున్నారని మిల్లు వారం పాటు మూసేశారు. అందుకని ఆ సెంటర్ ఫార్వర్డ్ కుర్రాడు నా దగ్గరికే కూలికొస్తున్నాడు, పైపులు మోస్తాడు. బుధవారం దాకా బాగానే మోశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ మాట ఆయన నోట వినేసరికి మాకెందుకో ఒళ్లు గగుర్పొడిచింది. జల్లెడ కూడా తలెత్తాడు.

"బుధవారం మధ్యాహ్నం ఒకాయనొచ్చాడు. ఖాకీ చొక్కా, మెడలో చిల్లర సంచి. నా పైపు మీద కూర్చున్నాడు, నా కారియర్లో సగం తిన్నాడు, ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదలెట్టాడు. మా బామ్మర్ది ఉన్నాడు చూడూ, అని. వాడు కాలే ట్రేలు ఒట్టి చేతుల్తో తీస్తాడు, బంతి ఓ లెక్కా అన్నాడు. మేడ మీంచి పిండిబస్తా జారితే ఒక్క పిసరు రాలకుండా పట్టాడన్నాడు. కుర్రాడు అమాయకంగా అడిగాడు, మరి కిందటేడు ఆరు వదిలాడే అని. దానికీయన నవ్వాడు. అవి కావాలని వదిలాడురా, మీ కాళ్లు చదువుకోవడానికి, ఈ ఏడు మీరు ఏ కాలు ఎత్తినా వాడికి ముందే తెలుసు అన్నాడు."

"బాబాయ్, ఇక చాల్లే" అన్నాడు కండక్టర్ బావ.

"ఆ రోజు నుంచి వాడికి కుడికాలితో తన్నాలో ఎడమకాలితో తన్నాలో తేలడం లేదు. నిన్న గోతిలోకి దిగడానికి ఏ కాలు ముందు పెట్టాలో తెలీక గట్టు మీదే నిలబడిపోయాడు. నేనే చెయ్యిచ్చి దింపాను."

కెప్టెన్ పగలబడి నవ్వాడు. మేమూ నవ్వాం. జల్లెడ నవ్వలేదు. బావనే చూస్తున్నాడు.

"బావ అన్నాడా? నా గురించా?"

"మా బామ్మర్ది, మా బామ్మర్ది అని నా చెవులు చిల్లులు పడేలా అన్నాడయ్యా."

"అక్కని చేసుకుని ఎనిమిదేళ్లయింది. రొట్టె మాడిందనడమే గానీ ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు."

"మొహం మీద పొగిడితే నెత్తికెక్కి కూర్చోవూ?" అన్నాడు కండక్టర్ బావ, మాతో కాదు, చిల్లర సంచితో. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు బస్సు టైమవుతోంది."

"నీ డ్యూటీ దిగి గంటైంది. కూర్చో" అన్నాడు జల్లెడ.

కూర్చున్నాడు.

జల్లెడ చెయ్యి చాపి కెప్టెన్ ఒళ్లోంచి గ్లోవ్స్ తీసుకున్నాడు. ముందు కుడిచెయ్యి. తర్వాత ఎడమచెయ్యి, చిటికెనవేలితో సహా. మాసికలు ఒత్తి సర్దుకున్నాడు. "ఇంకేమన్నాడు బాబాయ్?"

"కిందటి నెలలో ఇద్దరు రెండు వైపుల నుంచి ఒకేసారి కొడితే, ఒక్కో చేత్తో ఒక్కో బంతి పట్టావట. అదే సమయానికి బారు మీద నుంచి ఓ పావురం జారిందట. దాన్ని కూడా పట్టి, ఈక చెదరకుండా వదిలేశావట. ఎలా పట్టావో చెప్పేలోపు డ్రైవరు హారన్ కొట్టాడు, ఈయన పరిగెత్తాడు. కుర్రాడు నన్ను చంపుకు తింటున్నాడు, ఎలా పట్టాడు ఎలా పట్టాడు అని. నేనేం చెప్పను?"

ఎండ బంతి మీంచి ఎప్పుడో జారిపోయింది. జల్లెడ అరుగు మీద జరిగి బావకి ఆనుకుని కూర్చున్నాడు. గ్లోవ్స్ తొడిగిన రెండు చేతులూ ఎత్తి, అందులో రెండు బంతులున్నట్టే ఆయన మొహం ముందు పెట్టాడు.

"ఇది నిండింది, ఇదీ నిండింది. మరి ఆ పావురాన్ని దేంతో పట్టాను బావా?"