దొరసానికి కాదు, నాకే

పోలీసు చర్య జరిగాక, ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక ఊళ్లో దొర కుటుంబం గడీకి తాళం వేసి పట్నం వెళ్లిపోయింది. ఆ గడీలో వెట్టిచాకిరి చేసిన భార్యాభర్తలు మరునాడు పొద్దెక్కాక కూడా ఇంట్లోనే ఉన్నారు.

“ఏందే, ఇంకా తానం చేస్తనే ఉన్నవ్?”

“ఇన్నేండ్లు దొరసానికి నూనె రాసి, ఒళ్లు రుద్దిన. నువ్వుల నూనె నా ఒంటికి ఎట్లుంటదో ఇయ్యాలనే తెలిసింది.”

“ఎట్లుంది మరి?”

“మస్తుగుంది! సూడు, నా చేతులు ఎంత గట్టిగున్నయో. గన్ని బిందెలు మోసినా అలిసిపోలే.”

“వీపు అందుతలేదా? ఇటు తిరుగు, నేను రుద్దుత.”

“నువ్వా? ఎవరన్న సూస్తే నవ్వుతరు.”

“నవ్వనీ. మనం గూడ నవ్వుదాం.”

“అబ్బా, జర మెల్లగ! గిది గడీల గచ్చు గాదు, నా వీపు!”