రెండో దెబ్బ

అట్లా తలాడించి "ప్రార్థన చేసుకుందాం" అనకండి అయ్యగారూ! ముందు నాకు జవాబు చెప్పండి. నిన్న చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నా కోడలు హదస్సా మోకాళ్ళ మీద ఉంది. అటు పక్క నాకు రొట్టె ఇచ్చారు, ఇటు పక్క ప్రేమమణికి ఇచ్చారు. మధ్యలో దాన్ని దాటేశారు! అది చెయ్యి చాపుకొని అట్లాగే ఉండిపోయింది. చర్చంతా చూసింది.

కమిటీ తీర్మానమా? ఓహో! మొగుడి దవడ పగలగొట్టిన ఆడది ప్రభువు బల్లకి తగదు. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి క్షమాపణ అడగాలి. అడిగితేనే మళ్ళీ రొట్టె. మీ కమిటీ పెద్ద జకర్యాగారే అని ఉంటారు. తాగొచ్చి పెళ్ళాన్ని తన్నే ఆయన తమ్ముణ్ణి ఏనాడైనా నిలబెట్టారా? పోన్లెండి.

ఆ చాపిన చేతికి కట్టు ఉంది, చూశారా? ఏమైందమ్మా అని అడిగారా?

లేవకండి, కూర్చోండి. యాప్రాల్‌లో మా ఇంటిదాకా వచ్చారు కదా, వినే వెళ్ళండి.

మా అబ్బాయి ఎరిక్ మీకు క్వయర్ లీడర్. అంతవరకే తెలుసు మీకు. ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన వాడే నడుపుతాడు. పాట, వాక్యం, ఆ తర్వాత పెళ్ళాం మీద విచారణ. "ఇవాళ ఏం పాపం చేశావో ఒప్పుకో" అంటాడు. చెప్పకపోతే గర్వం. చెప్తే బెల్టు. కొట్టి మరీ ఆమెన్ అనిపిస్తాడు! నేను అడ్డం వెళ్తే, "దేవుడికీ దీనికీ మధ్యలో నువ్వు రాకు" అని నన్ను గోడకి తోస్తాడు.

గురువారం అది ఒప్పుకోలేదు. ఆఫీసు వాళ్ళతో ఫోన్లో నవ్విందట. అదీ పాపం. "నవ్వితే పాపమేందండీ?" అంది. అంతే! జుట్టు పట్టి వంటింట్లోకి ఈడ్చాడు. పొయ్యి మీద పెనం కాలుతోంది. దాని అరచెయ్యి పెనానికి అదిమిపెట్టి "నరకం ఎట్లుంటుందో చూడు" అన్నాడు. ఆ చర్మం వాసన... మొహం తిప్పకండి! అగ్నిగుండం మీద గంటసేపు ప్రసంగం చెప్తారే, ఇంత వినలేరా?

అల్లం దంచే ఇనుప రోకలి చేతికి దొరికింది. తీసి దవడ మీద కొట్టాను. అవును, నేనే. హదస్సా కాదు.

ఏం, నమ్మరా? ఆస్పత్రిలో ఫోన్లో టైపు చేసి చూపించాడు కదా, పెళ్ళాం కొట్టిందని. తెలివైనవాడు. తల్లి కొట్టిందంటే ఎందుకు కొట్టిందని అడుగుతారు. పెళ్ళాం కొట్టిందంటే ఎవరూ అడగరు. మీరూ అడగలేదు.

ఇప్పటిదాకా ఎందుకు దాచానంటారా? అదే వద్దంది. "అత్తయ్యా, ఈ వయసులో మీకు పోలీసుల పరేషాన్ ఎందుకు" అని నా నోరు మూసింది, పిచ్చిది. వచ్చే ఆదివారం మీ అందరి ముందు నిలబడటానికీ సిద్ధమైంది, నాకోసం. నిలబడనిస్తానా!

ఏంటీ? కోడల్ని కాపాడటానికే కదా, దేవుడు అర్థం చేసుకుంటాడా? అబ్బ, ఎంత తొందరగా క్షమించేశారు! తల్లిననేసరికి తీర్పు మారిపోయిందా?

ఆగండి. దెబ్బలు రెండు. డాక్టరు చెప్పలేదా?

మొదటి దెబ్బకే దాన్ని వదిలేశాడు. కింద పడ్డాడు. నోటినిండా రక్తం. నా వైపు చూసి "మమ్మీ" అన్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఎట్లా పిలిచేవాడో, అట్లా.

అన్నాకే రెండోది కొట్టాను.

తప్పని తెలుసు. మోకరించి చూశాను అయ్యగారూ, పశ్చాత్తాపం రావట్లేదు. దానికి దేవుడు నన్ను నరకంలో వేస్తాడేమో. వెయ్యనీండి. ఆయన సంగతి నేను చూసుకుంటా. ఆదివారం మీరు మాత్రం ఆ పిల్లని పిలవకండి. "ఎరిక్ వాళ్ళమ్మ" అని పిలవండి, లేచొస్తాను.